ఇంటికి వినిపించని పేరా

తెల్లారగానే చదువరి చేసే మొదటి పని గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించడం. రెండో పని, ఆ రోజు చదవాల్సిన దస్తావేజు ముందేసుకుని ఎక్కడ ఊపిరి తీసుకోవాలో పెన్సిలుతో గీతలు పెట్టుకోవడం. మూడోది, భార్య ఇచ్చిన టీ చల్లార్చి తాగడం. వేడి టీ గొంతుకి మంచిది కాదని ఆయన నమ్మకం. చల్లారిన టీ మనిషికే మంచిది కాదని ఆవిడ నమ్మకం. ఈ ఒక్క విషయం మీద ముప్ఫై నాలుగేళ్ళుగా వాళ్ళిద్దరికీ రాజీ కుదరలేదు.

ఆ ఊళ్ళో ఇల్లు చేతులు మారితే, ఆఫీసులో సంతకాలు అయిపోయినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. దస్తావేజు తీసుకెళ్ళి ఆ ఇంట్లోనే, ముందు గదిలో నిలబడి, మొదటి అక్షరం నుంచి చివరి ముద్ర దాకా పైకి చదవాలి. లేకపోతే ఇంటికెలా తెలుస్తుంది? ఇల్లు ఎవరి పేరు వింటే వాళ్ళకే తలుపు తెరుచుకుంటుంది. మిగతావాళ్ళు ఎవరైనా లోపలివాళ్ళు పిలిస్తే వస్తారు, పిలవకపోతే బయట నిలబడతారు. అందుకే తాళాలు చేసే ఆయన తట్టుకోలేక గొడుగులు బాగుచేసే పనిలోకి మారిపోయాడు, అందులోనూ వానలు పడిన ఏడే నాలుగు డబ్బులు. సరిహద్దులు చదువుతున్నప్పుడు గోడలు ఫొటోకి నిలబడిన పెద్దమనుషుల్లా కొంచెం సర్దుకుంటాయి. తనఖాలో ఉందని చదివితే గుమ్మం జానెడు కిందికి దిగుతుంది. తీరిపోయిందన్న కాగితం చదివేదాకా ఇంటిల్లిపాదీ వంగి తిరుగుతారు. నడుం నొప్పని చెప్పుకునేవాళ్ళలో సగంమంది సంగతి అదే, డాక్టరుకి కూడా తెలుసు.

చదవడం అయ్యాక కాగితం మడిచి, లక్కముద్ర వేసి, గోడగూట్లో పెడతారు. మళ్ళీ విప్పాలంటే చదువరి రావాలి, అమ్మినవాళ్ళూ కొన్నవాళ్ళూ ఎదురుగా నిలబడాలి. అంత అవస్థ ఎవరు పడతారు? కాబట్టి ఎవరూ విప్పరు. కాగితం చదువరి చూస్తాడు, మిగతావాళ్ళు వింటారు. ఊరు ఆ నమ్మకం మీద నడిచేది.

చదువరిది గొప్ప గొంతు. 'నిధి నిక్షేప జల తరు పాషాణములతో సహా' అని ఆయన చదివితే, ఇంట్లో నిధి సంగతి అటుంచి కుండీలో మొక్కయినా లేకపోయినా, కొన్నవాడి ఛాతీ రెండంగుళాలు పెరిగేది. కాలేజీ చదువు చదివాడు కూడా. అక్కడ ఆయన చదివింది చరిత్ర. రాజులు రాజ్యాలు పోగొట్టుకున్న తారీఖులు ఇప్పటికీ నోటికొచ్చు. దస్తావేజుల్లో మాటలు మాత్రం సగం అర్థమయ్యేవి కావు.

మొదటి ఏడాదే ఎవరినైనా అడిగేస్తే పోయేది. మొదటి ఏడాది సిగ్గేసింది, కాలేజీ చదివినవాడు కదా. పదో ఏడాది ఇంకా సిగ్గేసింది. ముప్ఫయ్యో ఏడాది వచ్చేసరికి, వంటవాడు వెళ్ళి ఉప్పంటే ఏమిటని అడిగినట్టుంటుంది. అందుకని ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు. అర్థంకాని పేరా వచ్చినప్పుడు దగ్గేవాడు. గొంతు తగ్గించి, ముక్కుతో నాలుగు ముక్కలు గొణిగి, పేజీ తిప్పేసేవాడు. పాపం పెద్దాయన అలిసిపోయాడని ఎవరో ఒకరు మంచినీళ్ళు తెచ్చిచ్చేవాళ్ళు. ఆ గ్లాసుడు నీళ్ళు తాగడం మాత్రం ప్రతిసారీ కష్టంగానే ఉండేది.

బస్సు డ్రైవరు ఇల్లు అమ్మినప్పుడు జరిగిందీ అదే.

డ్రైవరుకి వేరే ఊరి డిపోకి బదిలీ అయింది. ఇల్లు కళ్ళజోళ్ళ కొట్టాయన కొన్నాడు. డ్రైవరుకి ఒక అక్క ఉంది. పెళ్ళి చేసుకోలేదు, ముప్ఫై ఏళ్ళుగా ఆ ఇంటి వెనక రెండు గదుల్లో కుట్టుపని చేసుకుంటోంది. వీధంతా ఆవిడని కత్తెరక్క అంటారు. కత్తెర చేత్తో పట్టుకునే మాట్లాడుతుంది కాబట్టి ఎవరూ ఎదురు చెప్పరు. అమ్మే ముందు డ్రైవరు అక్కతో, "నీ గదులు నీవే అక్కా, పక్కదారి కూడా నీదే. కాగితంలో రాయించాను," అన్నాడు. "సరేలేరా," అంది ఆవిడ. చదివే రోజున వెనక గదిలో మిషను తొక్కుతూనే ఉంది. పిల్లల బడి దుస్తులు ముప్ఫై జతలు సోమవారానికి ఇవ్వాలి.

ముందు గదిలో చదువరి సర్వహక్కులతో విక్రయించడమైనదని గంట కొట్టినట్టు చదివాడు. దాని కింద ఇలా ఉంది: 'పై ఇంటి వెనుకవైపు రెండు గదులు, వాటికి పోవు పక్కదారి, విక్రేత అక్కగారి యావజ్జీవ అనుభవ హక్కునకు లోబడి యుండును. సదరు హక్కు ముగిసిన పిమ్మట శేష హక్కు కొనుగోలుదారునకు సంక్రమించును.'

చదువరి ఆగిపోయాడు. పై వాక్యంలో మొత్తం అమ్మేశామంటున్నారు, కింది వాక్యంలో ఇంకొకరి హక్కు ఉందంటున్నారు. కంచం నీదే, అన్నం నాదన్నట్టుంది. రాసినవాడు పొరబడ్డాడా, తను పొరబడుతున్నాడా? అడుగుదామని తలెత్తాడు. డ్రైవరు, కొట్టాయన, ఇద్దరు సాక్షులు ఆయన నోటివంకే చూస్తున్నారు. చదువరికి దగ్గొచ్చింది.

మర్నాడు పొద్దున కత్తెరక్క పాలకోసం వెళ్ళి తిరిగొచ్చేసరికి పక్కతలుపు తెరుచుకోలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ మోచేత్తో తోసుకుని వచ్చే తలుపు. రెండుసార్లు తోసింది. మూడోసారి తొయ్యలేదు. ఇల్లు ఒప్పుకోలేదంటే కాగితంలో తన పేరు లేదన్నమాట. కాగితంలో లేదంటే తమ్ముడు రాయించలేదన్నమాట. ఇందులో ఆలోచించడానికి ఎవరికైనా ఏముంటుంది?

వీధి కూడా ఆ లెక్కే వేసింది. "సొంత అక్కని," అని ఒకరన్నారు. "బస్సులో టికెట్టు లేనివాళ్ళని దించినట్టు దించేశాడు," అని ఇంకొకరు.

ఆ తర్వాత ఆవిడ ముందు గుమ్మంలోంచే రావాల్సి వచ్చింది, అదీ కొట్టాయన పిలిస్తే. ఆయన మర్యాదస్తుడే. పొద్దున కొట్టుకి వెళ్ళేముందు "రండి అక్కగారూ" అని ఒకసారి, రాత్రి వచ్చాక "రండి అక్కగారూ" అని ఒకసారి పిలిచేవాడు. మధ్యలో బయటికి పోతే సందువైపు కిటికీ ఎక్కడమే. కిటికీకి ఇల్లు అభ్యంతరం చెప్పదు, దస్తావేజుల్లో కిటికీల ప్రస్తావన ఉండదు. యాభై ఏడేళ్ళ మనిషి, సందులో స్టూలు వేసుకుని, గుడ్డల మూట లోపలికి విసిరి, వెనకాలే తనూ దిగేది. కొలతలు ఇవ్వడానికి వచ్చిన ఆడవాళ్ళు కిటికీ బయట నిలబడి చేతులు చాచలేక వెళ్ళిపోయేవాళ్ళు. మూడు నెలల్లో పని మూడో వంతుకి పడిపోయింది.

చదువరి ఇంటికి దగ్గరి దారి ఆ సందే. ఒక సాయంత్రం ఆవిడ సగం లోపలా సగం బయటా ఉన్నప్పుడు ఆయన అటుగా వచ్చాడు. ఆవిడ చూడలేదు. ఆయన గిరుక్కున వెనక్కి తిరిగి, చుట్టూ తిరిగి మార్కెట్టు మీదుగా ఇంటికి పోయాడు. మర్నాడు కూడా మార్కెట్టు మీదుగానే. నెలరోజుల్లో చెప్పుల అడుగులు అరిగిపోయాయి.

"ఏమండీ, సందులో ఏమన్నా తవ్వుతున్నారా?" అంది భార్య.

"నడక మంచిదన్నారు."

"ఎవరన్నారు?"

చదువరి చెప్పులు తలుపు వెనక్కి తోసేశాడు.

సెలవు మీద వచ్చిన డ్రైవరు ఒక మధ్యాహ్నం ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. వీధిలో ఎవరూ పలకరించినట్టు లేదు, మొహం అలా ఉంది.

"మాస్టారూ, నేను రాయించాను కదా. మీరు చదివారు కదా. ఇంటికెందుకు తెలియలేదు?"

చెప్పడానికి అదే సమయం. చదువరి నోరు తెరిచాడు కూడా. తెరిచిన నోట్లోంచి వచ్చిన మాట ఇది: "పాత ఇల్లు కదయ్యా. కొన్ని ఇళ్ళకి కొంచెం చెవుడుంటుంది."

డ్రైవరు నమ్మేశాడు. "మరి అక్కతో మీరొక్క మాట చెబుతారా, ఇంటికి చెవుడని? నా ఫోనెత్తట్లేదు. నిన్న కిటికీ దగ్గరికెళితే కిటికీ తలుపులు వేసేసుకుంది."

"చూద్దాం," అన్నాడు చదువరి.

అతను వెళ్ళాక భార్య వంటగదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఇళ్ళకి చెవుడుంటుందని ఇవాళే విన్నాను. మన ఇల్లయితే నేను గొణుక్కున్నది కూడా వింటుంది." ఇంకేమీ అనలేదు. అని ఉంటే బాగుండేదని ఆయనకి అనిపించింది. తిట్టించుకుంటే సగం భారం దిగుతుంది, ఆవిడకి ఆ సంగతి తెలుసు.

తర్వాత వారం మార్కెట్టులో విన్నాడు, కత్తెరక్క శనివారం వెళ్ళిపోతోందని. బట్టల ఫ్యాక్టరీ వాళ్ళ హాస్టల్లో మంచం దొరికిందట, గదికి ఎనిమిదిమంది. సొంత మిషను పెట్టుకోనివ్వరు కాబట్టి దాన్ని అమ్మకానికి పెట్టింది. ఫ్యాక్టరీలో రోజంతా జేబులు మాత్రమే కుట్టాలి. చదువరి కొన్న టమాటాలు కొట్లోనే మర్చిపోయి సందులోకి నడిచాడు.

ఊరికే వెళ్ళడానికి మొహం చెల్లక, ఇంటికెళ్ళి ఒక పాత ప్యాంటు పట్టుకుని మళ్ళీ బయల్దేరాడు. కిటికీలోంచి ఆవిడ దాన్ని అందుకుని అటూ ఇటూ తిప్పింది.

"దీనికేమైంది?"

"పొడవైందేమో."

"ఈ ప్యాంటు నేనే కుట్టాను మాస్టారూ. మీరు పొట్టిగా అయ్యారా?"

ఆవిడ టేపు తీసి కిటికీ ఇవతలికి చాచింది. ఆయన కొలతకి నిలబడ్డాడు, అటు తిరిగి. మొహం కనబడకపోతే మాట వస్తుందేమోనని.

"ఒక సందేహం అమ్మా. ఒక వస్తువు పూర్తిగా అమ్మేశాక కూడా దానిమీద ఇంకొకరికి హక్కు ఉంటుందా?"

"ఎందుకుండదు? మా పెద్దమ్మకి ఒక ఉన్నికోటు ఉండేది. దాన్ని మా తమ్ముడికిచ్చేసింది. కానీ, 'నేనున్నంతకాలం చలికి నేనే వేసుకుంటాను, నా తర్వాత తీసుకో,' అంది. కోటెవరిది?"

"మీ పెద్దమ్మది."

"కాదు, మా తమ్ముడిది. వేసుకునేది పెద్దమ్మ. వాడు కావాలంటే ఇంకొకడికి అమ్ముకోవచ్చు, ఆ కొన్నవాడు కూడా ఆవిడ పోయేదాకా ఆగాల్సిందే. ఆవిడ మాత్రం దాన్ని కత్తిరించి సంచులు కుట్టుకోకూడదు, తాకట్టు పెట్టకూడదు. వేసుకోవాలంతే." ఆవిడ టేపు చుట్టేసింది. "ఇందులో చదువుకోవాల్సింది ఏముంది?"

చదువరి గోడకి చెయ్యి ఆనించాడు. యావజ్జీవ అనుభవ హక్కు అంటే ఒక ముసలమ్మ చలికాలంలో వేసుకున్న కోటు. ఇంతేనా? ముప్ఫై నాలుగేళ్ళు దీనికోసం దగ్గాడు.

"మీ తమ్ముడు రాయించాడమ్మా," అన్నాడు గోడతో. "నేను చదవలేదు. నాకు అర్థంకాక గొణిగేశాను."

తిరిగి చూశాడు. ఆవిడ కత్తెర పక్కన పెట్టేసింది. చేతులు ఖాళీగా ఉన్న కత్తెరక్కని ఆయన ఎప్పుడూ చూడలేదు.

"ఏమని రాయించాడు?"

ఆ పేరా ఆయనకి కంఠతా వచ్చు. మూడు నెలలుగా అది తప్ప వేరే మాట బుర్రలో తిరగలేదు. చెప్పాడు.

"మళ్ళీ చెప్పండి."

మళ్ళీ చెప్పాడు. సందులో చెబితే ఇంటికి లెక్కకాదు, అది ఇద్దరికీ తెలుసు.

"అక్కగారి అని రాయించాడా? వట్టి అక్క అని కాకుండా?"

"అక్కగారి అనే."

ఆవిడ కిటికీ చట్రం గోటితో గీకింది. "మూడు నెలలు వాడి ఫోనెత్తలేదు. మొన్న ఇక్కడ నిలబడి 'అక్కా, అక్కా' అంటుంటే తలుపులు మొహాన వేశాను." ఆయనవైపు చూసి, "తెలియకపోతే అడగొచ్చు కదా మాస్టారూ," అంది.

"అడిగితే నాకు తెలియదని తెలిసిపోతుంది కదమ్మా."

"ఇప్పుడు తెలియలేదా?"

చదువరికి తల కొట్టేసినట్టయింది. ఆవిడ కోపంగా కూడా అనలేదు. గుండీ ఊడిందని చెప్పినట్టు చెప్పింది.

శుక్రవారం సాయంత్రం అందరూ ముందు గదిలో చేరారు. డ్రైవరు గోడకి ఆనుకుని అక్కవైపు చూడకుండా నిలబడ్డాడు. కత్తెరక్కని కొట్టాయన "రండి అక్కగారూ" అని పిలిస్తేనే వచ్చింది, ఎప్పటిలాగే. పిలవని పేరంటంలా చదువరి భార్య కూడా గుమ్మం దాకా వచ్చి ఆగింది. ఆవిణ్ణీ పిలిచారు. భార్య ఎదుట చదవడం చదువరికి అదే మొదటిసారి.

ఆయన లక్క పగలగొట్టాడు. ముక్కలు నేలంతా పడ్డాయి.

"చదివే ముందు ఒక మాట," అన్నాడు. గొంతు గొప్పగా రాలేదు, మామూలు ముసలి గొంతు. "ఈ ఇంటికి చెవుడు లేదు. ఈ పేజీలో ఒక పేరా నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గుపడి దగ్గాను. డ్రైవరు అన్యాయం చెయ్యలేదు. ఇల్లూ చెయ్యలేదు."

డ్రైవరు తలెత్తాడు. ఏదో అనబోయి, అక్కడ ఆడవాళ్ళున్నారని మింగేశాడు. చెవుడు సంగతి గుర్తొచ్చినట్టుంది, చెవులు ఎర్రబడ్డాయి.

కళ్ళజోళ్ళ కొట్టాయన కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిందే తుడిచాడు. "ఆ పేరా ఉందని నాకు తెలుసు మాస్టారూ," అన్నాడు అద్దాలతో. "అందుకే నాకు తక్కువకి వచ్చింది. మర్నాడు తలుపు తెరుచుకోకపోతే, ఇల్లే వద్దంటోంది కదా, నాదేం తప్పనుకున్నాను. ఆవిడ వెళ్ళాక ఆ గదుల్లో అద్దాల పెట్టెలు పెట్టుకుందామని కొలతలు కూడా తీసుకున్నాను. చదవండి."

చదువరి చదివాడు. యావజ్జీవ దగ్గర తడబడి, వెనక్కి వెళ్ళి మళ్ళీ అందుకున్నాడు. ఊపిరి గీతలు లేవు, ఆగకూడని చోట్ల ఆగాడు. పేరా అయ్యాక కాగితం దించి, అందులో లేనిది కూడా చెప్పాడు: "అంటే, ఇల్లు ఈయనది. వెనక రెండు గదులూ, పక్కదారీ ఆవిడ ఉన్నంతకాలం ఆవిడవి. ఈయన వెళ్ళగొట్టకూడదు, ఆవిడ పడగొట్టకూడదు. ఈయన రేపు ఇంకొకరికి అమ్మినా ఆవిడ అక్కడే ఉంటుంది. ఆవిడ తర్వాతే అవి ఈయనకి చేరతాయి. నాకు ఇది ఈ మంగళవారం అర్థమైంది, ఆవిడే చెప్పింది."

ఇంటి వెనకవైపు ఎక్కడో చెక్క సర్దుకున్న చప్పుడైంది.

కత్తెరక్క ముందు గుమ్మంలోంచి వీధిలోకి దిగి, పక్కదారి పట్టుకుని వెళ్ళింది. వాళ్ళంతా కిటికీలోంచి చూస్తున్నారు. తలుపు ఇంకా రెండడుగులుందనగానే తెరుచుకుంది. ఆవిడ లోపలికి వెళ్ళి, మళ్ళీ బయటికొచ్చి, మళ్ళీ లోపలికి వెళ్ళింది, కొత్త కుట్టు లాగి చూసుకున్నట్టు. మూడోసారి బయటికి రాలేదు. గుమ్మంలోనే నిలబడి గట్టిగా పిలిచింది.

"ఒరేయ్, అక్కడ నిలబడ్డావేం? రా లోపలికి."

డ్రైవరు పరుగెత్తాడు. కాసేపటికి కొట్టాయనని కూడా పిలిచింది, హాస్టలుకని కట్టిన మూటలు విప్పడానికి ఒక చెయ్యి కావాలని. ఆయన వెళ్ళాడు.

చదువరిని పిలవలేదు. ఆయన పక్కదారి మొదట్లో, పిలిస్తే వినబడేంత దూరంలో, చాలాసేపు నిలబడ్డాడు. లోపల్నుంచి అక్కాతమ్ముళ్ళు పోట్లాడుకుంటున్న చప్పుడు వచ్చింది, మూడు నెలల పోట్లాట ఒకేసారి. మధ్యలో ఎవరో ఏడ్చినట్టూ, ఎవరో నవ్వినట్టూ కూడా వినబడింది. పిలవరని తెలిశాక ఆయన వీధిలోకి వచ్చాడు.

"ఇంటికేనా?" అంది భార్య.

చదువరి వీధి పొడుగునా ఒకసారి చూశాడు. ఇటు పదకొండు ఇళ్ళు, అటు తొమ్మిది. ఎవరింట్లో ఎక్కడ దగ్గాడో ఆయనకి అన్నీ గుర్తున్నాయి. దొంగకి తేలు కుట్టిన చోటు గుర్తుండదా?

"నువ్వు వెళ్ళు. నాకు ఆలస్యమవుతుంది."

ఆవిడ వెళ్ళలేదు, అలాగని పక్కన కూడా నడవలేదు. నాలుగడుగులు వెనకగా వచ్చింది. ఆయన ఎదురింటి తలుపు తట్టాడు. పిండిచేతులతో ఆ ఇంటి ఇల్లాలు వచ్చింది.

"అమ్మా, పదేళ్ళ కిందట మీ దస్తావేజు చదివాను. ఒక పేరా సరిగ్గా చదవలేదు. అప్పుడు నాకు అర్థం కాలేదు. మీవాళ్ళనీ అమ్మినవాళ్ళనీ ఒకసారి కూర్చోబెడితే మళ్ళీ చదువుతాను."

ఇల్లాలు ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది. నవ్వుతుందేమోనని ఆయన తల దించుకున్నాడు. ఆవిడ నవ్వలేదు, లోపలికి తిరిగి కేకేసింది.

"అత్తయ్యా, ఇలా రండి. మన మేడమెట్లు మరిదిని ఎందుకు ఎక్కనివ్వట్లేదో చెప్పే ఆయన వచ్చారు."